చలికాలము – పిల్లల తలకు కుల్లాయి

మార్గశిర, పుష్య మాసములు వచ్చినవనగా మన కోదాడలో తెల్లవారుజాము రూపమే మారిపోవును. హైదరాబాదు–విజయవాడ రహదారిపై లారీల దీపములు మంచులో మసకబారి కనిపించును. పొలముల మీదుగా వచ్చు చలిగాలి వీధి మలుపులలో ముఖమునకు తగులును. పాలవారు, కూరగాయలవారు, పనికి పోవు కూలీలు తలకు తువ్వాలు చుట్టుకొని తిరుగుచుందురు. ఫజర్ నమాజునకు తండ్రి వెంట నడచు బాలుడు, ధనుర్మాసపు పూజకు తల్లి చేయి పట్టుకొని గుడికి పోవు బాలిక, క్రిస్మసు దినములలో వేకువ ప్రార్థనకు సిద్ధమగు పిల్లలు, ట్యూషనుకు స్కూటరు ముందుభాగమున నిలబడి పోవు చిన్నవాడు – వీరందరికిని చలి ఒక్కటే. వీరిలో కొందరి తలపై టోపీ ఉండును, కొందరికి ఉండదు.

ఉన్నవారికి ఆ టోపీ ఎట్లు వచ్చినది? రహదారి పక్కన కుప్పగా పోసిన ఉన్ని దుస్తులలో నుండి రెండు నిమిషములలో ఏరినది. రంగు చూచితిమి, ధర అడిగితిమి, మందముగా నున్నదా అని వ్రేళ్ళతో నొక్కి చూచితిమి, కొంటిమి. ఎంత మందమైన అంత మంచిదని మన నమ్మకము. ఈ నమ్మకము సగమే నిజము. మిగిలిన సగము వలన పిల్లలకు అసౌకర్యము, ఒక్కొక్కప్పుడు అపాయము కూడ కలుగుచున్నవి. పిల్లవాని వయస్సు, వాడు వెళ్ళు చోటు, వెళ్ళు వేళ – ఈ మూడింటిని చూచి టోపీని ఎన్నుకొనవలెననియు, దానిని పెట్టుట ఎంత అవసరమో సమయమునకు తీయుట కూడ అంతే అవసరమనియు ఈ వ్యాసములో వివరింపదలచితిమి.

పేరులోని కథ

పసిపిల్లల తలకు తొడుగు మెత్తని టోపీని తెలుగులో కుల్లాయి అందురు. కొందరు కుల్లా అని కూడ అందురు. ఇది పారశీక భాషలోని ‘కులాహ్’ అను పదము నుండి వచ్చినది. 15వ శతాబ్దమున శ్రీనాథ మహాకవి ప్రౌఢదేవరాయల కొలువునకు పోయినప్పుడు అచ్చటి మర్యాదను అనుసరించి కుల్లాయి ధరింపవలసి వచ్చినదని, ఆయన పేరిట ప్రచారములో నున్న చాటుపద్యము తెల్పుచున్నది. ఈ పదము మన భాషలో ఎంత పాతదో దీనిని బట్టి ఊహింపవచ్చును. ఉర్దూలో చెవులను కప్పు టోపీకి ‘కన్‌టోప్’ అని పేరు. కాన్ అనగా చెవి, టోప్ అనగా తలకు తొడుగునది. దాని పని యేమో పేరులోనే ఉన్నది. ఉర్దూ, తెలుగు రెండును వినిపించు మన కళాశాలలో ఈ రెండు మాటలను పక్కపక్కన ఉంచి చూచుట సంతోషదాయకము.

నేడు అంగడిలో ‘మంకీ క్యాప్’ అని అడిగి తెచ్చుకొను టోపీకి ఇంగ్లీషులో బాలక్లావా అని పేరు. క్రిమియా యుద్ధములో 1854 అక్టోబరు 25న పోరు జరిగిన రేవు పట్టణము పేరది. అచ్చటి చలికి తాళలేని బ్రిటిషు సైనికులకు స్వదేశము నుండి ఉన్ని టోపీలు అల్లి పంపిరి. ఆ టోపీకి బాలక్లావా అను పేరు మాత్రము తరువాతి కాలమున స్థిరపడినది. మంచు దేశములో ఆరుబయట నిలిచిన సైనికునితో ముడిపడిన ఆ టోపీని మనము కోదాడలోని పసివానికి తొడుగుచున్నాము. కావున మన చలి ఎంతటిదో ముందుగా తెలిసికొనవలెను.

మన చలి ఎంత?

కోదాడ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దునకు చేరువలో నున్న పట్టణమిది. డిసెంబరు, జనవరి నెలలలో పగటివేళ 30 డిగ్రీల సెల్సియస్‌కు అటు ఇటుగా నుండు వేడిమి, తెల్లవారుజామునకు 15 నుండి 18 డిగ్రీల వరకు దిగుట సాధారణము. ఉత్తరపు గాలులు వీచిన రాత్రులలో ఇంకను దిగును. హైదరాబాదులో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైనది. అట్టి రాత్రులు అరుదు. కాని మన మైదానములలో చలి యనునదే లేదనుకొనుట పొరపాటని అది గుర్తు చేయుచున్నది.

శీతకాలమున ఆకాశము నిర్మలముగా నుండును. పగలు నేల గ్రహించిన వేడిమి రాత్రి అడ్డులేక ఆకాశములోనికి పోవును. అందువలన సూర్యోదయమునకు కొంచెము అటు ఇటుగా చలి అత్యధికమగును. దీనికి తోడు మనది నీటి పారుదల గల ప్రాంతము. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలో ఎడమ కాలువ క్రింద వరిసాగు విస్తరించినది. తడిసిన పొలముల మీద వేకువను మంచు పట్టును. ఆ తేమ బట్టలకు కూడ అంటును.

ఇందులో మనము గమనింపదగిన విషయము పగటికిని రాత్రికిని నున్న తేడా. ఉదయము ఆరు గంటలకు టోపీ లేక వణకిన పిల్లవానికే పది గంటలకు అదే టోపీలో చెమట పట్టును. కశ్మీరములో పిల్లవాడు పగలంతయు టోపీతో ఉండవచ్చును. మన ఊరిలో టోపీ కొన్ని గంటల నేస్తము మాత్రమే. సులభముగా తీయుటకు, మడిచి సంచిలో పెట్టుటకు వీలైన టోపీయే మనకు తగినది.

తల నుండి పోవు వేడిమి

శరీరపు వేడిమిలో సగమునకు దగ్గరగా తలనుండియే పోవునని చాల కాలము చెప్పుకొనిరి. 1970లో వెలువడిన అమెరికా సైన్యపు చేపుస్తకము ఒకటి నూటికి 40 నుండి 45 వంతులని వ్రాసినది. 1950 ప్రాంతములలో జరిగిన సైనిక ప్రయోగములు దీనికి మూలము. ఆ ప్రయోగములలో మనుష్యులకు ఒంటినిండ దట్టమైన దుస్తులు తొడిగి తలను మాత్రము విప్పి ఉంచిరి. తలుపులన్నియు మూసి ఒక్క కిటికీ తెరచిన ఇంటిలో గాలి ఆ కిటికీ నుండియే పోవును కదా! 2008లో బ్రిటిషు మెడికల్ జర్నలులో వ్రీమన్, క్యారల్ అను ఇద్దరు వైద్యులు ఈ అపోహను ఎత్తిచూపిరి. పెద్దవారిలో తల నుండి పోవు వేడిమి, శరీరపు ఉపరితలములో తలకున్న భాగమునకు తగినంతయే. అనగా నూటికి 10 వంతులకు అటు ఇటుగా మాత్రమే.

అయితే పసివాని విషయము వేరు. కాలిన గాయములకు చికిత్స చేయు వైద్యులు శరీర ఉపరితలమును భాగములుగా లెక్కించుదురు. ఆ లెక్క ప్రకారము పెద్దవారిలో తల, మెడ కలిసి నూటికి 9 వంతులు. పసివానిలో 18 వంతులు. నవజాత శిశువు పొడవులో తలయే నాలుగవ వంతు. పెద్దవారికి టోపీ సుఖము కొరకు. పసివానికి అది ఒక్కొక్కప్పుడు ప్రాణరక్షణ కొరకు.

అప్పుడే పుట్టిన బిడ్డ ఒళ్ళు తడిగా నుండును. ఆ తడి ఆరునప్పుడు శరీరపు వేడిమిని వెంట తీసికొనిపోవును. పెద్దవారి వలె వణకి వేడి పుట్టించుకొను శక్తి శిశువునకు లేదు. భుజముల మధ్యను, మూత్రపిండముల చుట్టును నుండు గోధుమవర్ణపు కొవ్వును కరిగించుకొని వేడిమిని సంపాదించుకొనును. నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఆ కొవ్వు కూడ తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము శిశువు శరీర ఉష్ణోగ్రత 36.5 నుండి 37.5 డిగ్రీల మధ్య ఉండవలెను. 36.5 కంటె తగ్గినచో బిడ్డ చలికి లోనగుచున్నదని అర్థము. 32 కంటె తగ్గినచో ప్రాణాపాయము.

1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు, బరువు తక్కువగా పుట్టిన బిడ్డలను తల్లి రొమ్మునకు ఆనించి ఉంచు పద్ధతిని ప్రారంభించెను. దానినే కంగారూ పద్ధతి అందురు. అందులో బిడ్డ ఒంటిమీద లంగోటీ, కాళ్ళకు మేజోళ్ళు, తలకు టోపీ మాత్రమే ఉండును. మిగిలిన వేడిమి అంతయు తల్లి శరీరము నుండియే అందును. తల్లి ఒడికి మించిన ఉన్ని లేదు. టోపీ ఆ ఒడికి తోడు మాత్రమే.

థర్మామీటరు లేని ఇంటిలో కూడ తల్లి పరీక్షింపవచ్చును. చేతి వెనుక భాగముతో బిడ్డ పొట్టను, పాదములను తాకి చూడవలెను. రెండును వెచ్చగా నున్నచో బిడ్డ క్షేమము. పొట్ట వెచ్చగా నుండి పాదములు చల్లబడినచో బిడ్డకు చలి సోకుచున్నదని తెలిసికొని వెంటనే హత్తుకొనవలెను. రెండును చల్లబడి, బిడ్డ పాలు త్రాగక, ఏడుపు సన్నగిల్లి మగతగా నున్నచో, రొమ్మునకు ఆనించి కప్పుకొని జాగు చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఒక చిన్న ప్రయోగము

విద్యార్థులు ఇంటివద్ద చేయదగిన ప్రయోగమొకటి కలదు. ఒకే రకపు స్టీలు గ్లాసులు మూడు తీసికొని, సమానముగా వేడినీరు పోసి మూతలు పెట్టవలెను. ఒకదానిని ఊరక వదలవలెను. రెండవదానికి పొడి ఉన్ని టోపీ తొడగవలెను. మూడవదానికి నీట తడిపి పిండిన నూలుగుడ్డ చుట్టవలెను. మూడింటిని గాలి తగులు అరుగుపై ఉంచి పావుగంట తరువాత చూచినచో ఉన్ని తొడిగినది ఎక్కువ వేడిగాను, తడిగుడ్డ చుట్టినది అన్నింటికంటె చల్లగాను ఉండును.

దీనివలన రెండు పాఠములు తెలియును. టోపీ స్వయముగా వేడిని పుట్టించదు. లోపలి వేడిని పోనీయక, పోగుల మధ్య చిక్కిన గాలితో అడ్డుకొనును. రెండవది, తడిసిన టోపీ కంటె టోపీ లేకుండుటయే మేలు. చెమటకు గాని, మంచుకు గాని, తలంటి పోసిన జుట్టుకు గాని తడిసిన టోపీని పిల్లవాని తలపై ఉంచరాదు. జుట్టు పూర్తిగా ఆరిన తరువాతనే టోపీ తొడగవలెను.

బట్టను గుర్తించుట

మన అంగడిలో దొరకు టోపీలు ముఖ్యముగా మూడు రకములు: నూలువి, ఉన్నివి, యాక్రిలిక్ దారముతో అల్లినవి. నూలు మెత్తగా నుండి చెమటను పీల్చును. కాని తడిసిన తరువాత త్వరగా ఆరదు. ఉన్నిపోగు సహజముగా వంకరలు తిరిగి యుండుటచే గాలిని ఎక్కువగా పట్టి ఉంచును. తన బరువులో నూటికి 30 వంతుల వరకు తేమను పీల్చి కూడ తడిసినట్లు తోచదు. అయితే ముతక ఉన్ని పసి చర్మమును గీరును. యాక్రిలిక్ చౌక, తేలిక, ఉతుకుటకు సులభము. తేమను మాత్రము దాదాపుగా పీల్చదు. అందుచేత లోపల చెమట చర్మముపైననే నిలుచును.

మన నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములలో గొల్ల కురుమలు దక్కనీ గొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగడిని తరతరములుగా వాడుచున్నారు. చింతగింజల గంజి పట్టించి బిగువు చేసిన ఆ గొంగడిని ముసుగుగా మడిచి తలపై వేసికొన్న కాపరికి చలి, వాన రెండును ఆగును. కాని అది పెద్దవారి చర్మమునకు తగిన ముతక. పసివానికి దాని క్రింద మెత్తని నూలుబట్ట తప్పనిసరి.

శీతకాలమున ఉన్ని దుస్తుల పేరిట మన పట్టణములకు వచ్చు సరకులో చాల భాగము పంజాబులోని లూధియానాలో అల్లినదే. 1959 తరువాత భారతదేశమునకు శరణు వచ్చిన టిబెటు వారు హైదరాబాదు వంటి నగరములలో ప్రతి సంవత్సరము అమ్ము స్వెట్టర్లు, టోపీలు కూడ ఎక్కువగా అచ్చటివే. అంగడిలో ఉన్ని యని చెప్పినదెల్ల ఉన్ని కాదు. చీటీ చదువుట మొదటి పని. చీటీ లేనిచో, ఒక చిన్న పోగును పెద్దవారు పట్టుకారుతో పట్టి నిప్పు చూపవలెను. ఉన్ని అయినచో వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపిన పొడియగు బూడిద మిగులును. యాక్రిలిక్ కరిగి గట్టి పూసగా మారును.

ఈ పరీక్షలో ఒక హెచ్చరిక కూడ ఉన్నది. కరిగిన యాక్రిలిక్ చర్మమునకు అంటుకొని కాల్చును. చలిమంటల చుట్టును, సంక్రాంతికి ముందు వచ్చు భోగిమంట దగ్గరను పిల్లలు కుచ్చుల టోపీలతో, వ్రేలాడు మఫ్లర్లతో వంగి నిలబడుదురు. అట్టి సమయమున మఫ్లరు తీసి, పిల్లలను మంటకు దూరముగా నిలుపవలెను.

మొత్తము మీద మన ఊరి చలికి అనువైనది రెండు పొరల టోపీ: లోపల ఉతికి మెత్తబడిన నూలుబట్ట, పైన మధ్యరకపు అల్లిక. చెవులు కప్పబడవలెను, కనులు, ముక్కు, నోరు తెరచి యుండవలెను. కుట్లు లోపలివైపు గరుకుగా ఉండరాదు.

వయస్సును బట్టి ఎంపిక

నవజాత శిశువునకు అతుకులు లేని మెత్తని నూలు కుల్లాయి చాలును. పుట్టిన వెంటనే తల తుడిచి, తడిసిన గుడ్డ మార్చి, పొడి కుల్లాయి తొడగవలెను. ఇంటికి వచ్చిన తరువాత రాత్రింబవళ్ళు దానిని ఉంచవలెనా అన్నది చాలమంది తల్లుల సందేహము. శిశువు తన అధికపు వేడిని తల ద్వారా బయటకు పంపుకొనును. నిద్రలో ముఖము మీదికి జారిన టోపీ శ్వాసకు అడ్డు తగులవచ్చును. అధికముగా వేడెక్కుట నిద్రలో సంభవించు ఆకస్మిక శిశు మరణములకు తోడ్పడు కారణములలో ఒకటిగా వైద్యులు గుర్తించిరి. అమెరికా శిశువైద్య అకాడమీ 2022లో ఇచ్చిన సూచనలలో, పుట్టిన తొలి గంటలలోను, ఆసుపత్రిలోని నవజాత శిశు ప్రత్యేక చికిత్సా విభాగములోను తప్ప, ఇంటిలోపల శిశువునకు టోపీ పెట్టవద్దని చెప్పినది.

అచ్చటి ఇండ్లలో గదిని వెచ్చచేయు ఏర్పాటు ఉండును. మన రేకుల ఇండ్లలో అది లేదు. కావున బరువు తక్కువగా పుట్టిన బిడ్డ విషయములో వైద్యుని మాట, ఇంటికి వచ్చు ఆశా కార్యకర్త మాట పాటింపవలెను. 2011 నుండి అమలులో నున్న గృహాధారిత నవజాత శిశు సంరక్షణ పద్ధతి ప్రకారము, ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3వ రోజు మొదలు 42వ రోజు వరకు ఆరు మార్లు రావలసి ఉన్నది. ఆ రాకపోకలలో ఈ సందేహమును తప్పక అడుగవలెను. నెలలు నిండిన ఆరోగ్యవంతుడగు బిడ్డకు మాత్రము, వెచ్చని గదిలో నిద్రపుచ్చునప్పుడు కుల్లాయి తీయుటయే క్షేమము.

ఏడాది నుండి ఐదేండ్ల పిల్లలు టోపీని లాగుదురు, నోట పెట్టుకొందురు. బొత్తములు, పూసలు, ఊడివచ్చు ఉన్నిబంతులు గల టోపీలు వీరికి తగవు. అవి గొంతులో అడ్డుపడును. గడ్డము క్రింద ముడివేయు పొడవైన తాళ్ళు మరియు అపాయకరము. ఆటలో కొక్కెమునకో, ఊయలకో తగులుకొని మెడకు ఉరి బిగియవచ్చును. అమెరికాలో ఇట్టి ప్రమాదములు జరిగిన తరువాత 1996లో ప్రభుత్వ వినియోగ వస్తు భద్రతా సంఘము, పిల్లల పైదుస్తుల మెడకు, తలముసుగునకు తాళ్ళు ఉండరాదని మార్గదర్శక సూత్రములను వెలువరించినది. తాడునకు బదులు, లాగిన వెంటనే విడిపోవు అంటుపట్టీ ఉత్తమము.

బడికి పోవు పిల్లలకు చెవులు కప్పు సాదా టోపీ చాలును. దట్టమైన మంకీ క్యాప్‌లో పక్కచూపు తగ్గును, శబ్దము మందగించును. లారీలు పోవు రహదారిని దాటవలసిన పిల్లవానికి చూపు, వినికిడి చలికంటె ముఖ్యములు. వేకువనే మక్తబుకు పోవు బాలురు ధరించు తెల్లని నమాజు టోపీ నడినెత్తిని కప్పునే గాని చెవులను కప్పదు. దారిలో దానిపై ఒక మఫ్లరునో, చెవుల పట్టీనో చేర్చి, లోపలికి పోయిన తరువాత తీసిన సరిపోవును. బాలికల ఓఢనీ రెండు చుట్లు తిరిగినచో చెవులను చక్కగా కాపాడును. కొసలు వ్రేలాడకుండ లోపలికి దోపవలెను.

స్కూటరుపై బిడ్డ

మన ఊరిలో పిల్లలకు చలి ఎక్కువగా తగులునది ద్విచక్ర వాహనముపైననే. నిశ్చలమైన గాలిలో 16 డిగ్రీల చలి ఓర్చుకొనదగినది. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండిపై ఆ గాలియే శరీరము చుట్టు నున్న వెచ్చని పొరను ఎప్పటికప్పుడు ఊడ్చివేయును. ఆ గాలికి మొదట గురియగువాడు ముందు నిలబడిన పిల్లవాడే.

ఇచ్చట టోపీకంటె ముందు తలంపవలసినది హెల్మెట్టు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము నాలుగేండ్లు దాటిన ప్రతివారును హెల్మెట్టు ధరింపవలెను. తలపాగా ధరించు సిక్కులకు మినహాయింపు కలదు. 2022 ఫిబ్రవరిలో ప్రకటింపబడి, 2023 ఫిబ్రవరి 15 నుండి అమలులోనికి వచ్చిన నియమము ప్రకారము తొమ్మిది నెలల నుండి నాలుగేండ్ల లోపు పిల్లలకు కూడ సరిపోవు హెల్మెట్టు ఉండవలెను. నాలుగేండ్ల లోపు పిల్లలకు నడుపువారితో కలిపి కట్టు రక్షణ పట్టీ ఉండవలెను. వారితో పోవునప్పుడు వేగము 40 కిలోమీటర్లు మించరాదు. దట్టమైన ఉన్ని టోపీపై హెల్మెట్టు పెట్టినచో అది వదులై, పడినప్పుడు జారిపోవును. హెల్మెట్టు క్రింద పలుచని నూలు టోపీ మాత్రమే ఉండవలెను. చలికి జడిసి హెల్మెట్టు మాని మంకీ క్యాప్ తొడుగుట, చిన్న కష్టమును తప్పించుకొనబోయి పెద్ద ఆపదను తెచ్చుకొనుటయే.

పెద్దల మాటలు

చెవిలో చలిగాలి దూరినచో జలుబు చేయునని అమ్మమ్మలు, నానీలు చెప్పుదురు. జలుబునకు మూలము వైరసు అను సూక్ష్మజీవి. అది తుమ్ము, దగ్గు తుంపరల వలనను, చేతుల వలనను సోకును. జలుబు తరువాత వచ్చు చెవిపోటునకు కారణము బయటి గాలి కాదు. గొంతు వెనుక నుండి నడిమి చెవికి పోవు గొట్టము పిల్లలలో పొట్టిగా, అడ్డముగా ఉండును. ఆ దారినే వ్యాధి చెవికి ప్రాకును. కావున టోపీ పెట్టితిమిగదా అని చేతులు కడుగుట మానరాదు.

ఐనను పెద్దల మాటలో సారము లేకపోలేదు. చెవి పలుచని చర్మము గల అవయవము. కొవ్వు తక్కువ, గాలి తగులు తలము ఎక్కువ. చలికి మొదట నొప్పి పుట్టునది అదియే. చెవులను కప్పుమన్న వారి సలహా సరియైనదే. దూదిని చెవిలో దోపుట మాత్రము చిన్నపిల్లలకు తగదు; వారు దానిని లోపలికి నెట్టుకొందురు. చెవిపై నుండి కప్పుటయే చాలును.

మాడు విషయమున కూడ భయము ఎక్కువ. నడినెత్తిన మెత్తగా కొట్టుకొను ఆ చోటు సాధారణముగా 12 నుండి 18 నెలల మధ్య మూసికొనును. దాని క్రింద గట్టి పొర యున్నది. చలి దాని గుండా మెదడులో దూరదు. మాడుకు ఆముదము పెట్టు ఇండ్లలో, జిడ్డు అంటిన కుల్లాయిని దినదినము మార్చి ఉతికిన చాలును.

శుభ్రత, కొలత, కుట్టుపని

వసతి గృహములలో ఒకరి టోపీ ఒకరు పెట్టుకొనుట అలవాటు. పేలు ముఖ్యముగా తలకు తల తగులుట వలన వ్యాపించును. టోపీల వలన కూడ కొంత వ్యాపింపవచ్చును. నూలు టోపీని 54 డిగ్రీలకు మించిన వేడినీట ఉతికినచో పేలు చచ్చును. ఉన్ని టోపీ ఆ వేడికి ముడుచుకొనిపోవును గనుక దానిని ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి రెండు వారములు ఉంచినచో పేలు ఆహారము లేక నశించును. ప్రతి పిల్లవాని టోపీ లోపల దారముతో పేరు కుట్టుట మంచి పద్ధతి.

టోపీ కొనుటకు ముందు నూలు దారముతో కనుబొమల పైనుండి తల వెనుక ఉబ్బెత్తు వరకు చుట్టి కొలత తీయవలెను. పుట్టిన బిడ్డకు సుమారు 34 సెంటీమీటర్లు, ఏడాదికి 45, ఐదేండ్లకు 50 సెంటీమీటర్ల కొలత సాధారణము. సాగు అల్లిక అయినచో టోపీ కొలత రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగా ఉండవచ్చును. తీసిన తరువాత నుదుటిపై ఎఱ్ఱని గాడి కనిపించినచో అది బిగుతు. కనులమీదికి జారినచో వదులు. వచ్చే ఏటికి కూడ పనికివచ్చునని పెద్దది కొనుట ఈ వస్తువు విషయమున పొదుపు కాదు.

కొనలేనివారు చింతింపనక్కరలేదు. పాత బనియను గుడ్డను లోపొరగాను, చిన్నదైన స్వెట్టరు చేతిని పైపొరగాను ఉంచి, ఒక కొన మూసి కుట్టి, రెండవ కొన పైకి మడిచినచో చక్కని కుల్లాయి తయారగును. దీనికి సూది, దారము, ఒక అరగంట తీరిక చాలును.

ముగింపు

చలికాలము మన ఊరిలో రెండు నెలల అతిథి. వెచ్చని ఇంటిలో నున్న మనకు అది వేడి చాయ రుచిని పెంచు కాలము. ఇటుక బట్టీల దగ్గర గుడిసెలలో, రహదారి పక్క డేరాలలో, కిటికీ రెక్కలు లేని గదులలో పుట్టిన బిడ్డకు అదియే జీవితపు తొలి పరీక్ష. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకము మన కళాశాలల విద్యార్థులకు సేవామార్గమును చూపినది. ఈ మార్గశిరమునకు ముందు మనలో ప్రతివారును ఇంటిలోని పాతబట్టలతో రెండేసి కుల్లాయిలు కుట్టి, అవసరమున్న తల్లుల చేతికి అందించినచో ఎంత బాగుండును! ఇచ్చునప్పుడు బిడ్డ పొట్టను, పాదములను తాకి చూచు విధమును, నిద్రలో టోపీ తీయవలసిన సంగతిని కూడ చెప్పవలెను. కుల్లాయి ఒక శీతకాలమునకే సరిపోవును. ఈ తెలివి ఆ తల్లికి తరువాతి బిడ్డల విషయమున కూడ ఉపకరించును.